ఐరన్ మాత్రలు వాడినా హిమోగ్లోబిన్ పెరగడం లేదు: ఈ రిపోర్టును ఎలా చదవాలి?

రాయగడ నుంచి ప్రశ్న:
22 ఏళ్ల మా మేనకోడలు మూడు నెలలుగా ఐరన్ మాత్రలు వేసుకుంటున్నా హిమోగ్లోబిన్ 10.8 దగ్గరే ఆగిపోయింది. రిపోర్టులో ఎంసీవీ 66 అనీ, ఎర్రకణాలు 54 లక్షలు అనీ ఉంది. రక్తహీనతలో కణాల సంఖ్య ఇంత ఎక్కువగా ఎలా ఉంటుందో బోధపడలేదు.

పర్లాకిమిడి నుంచి:
మీ సందేహంలోనే ఆధారం ఉందండీ. ఎంసీవీ అంటే ఎర్రకణం సగటు పరిమాణం. పెద్దవారిలో అది 80 నుంచి 100 ఫెమ్టోలీటర్ల మధ్య ఉంటుంది. ఇనుము కొరతలో కణాలు చిన్నవవడంతో పాటు సాధారణంగా వాటి సంఖ్య కూడా తగ్గుతుంది, కానీ తలసీమియా (వంశపారంపర్యంగా వచ్చే రక్త వ్యాధి) వాహకుల్లో, అంటే ఆ జన్యువు ఉన్నా వ్యాధి లేనివారిలో, కణాలు చిన్నవైనా సంఖ్య తగ్గకపోగా ఒక్కోసారి పెరుగుతుంది. 54 లక్షలంటే 5.4 మిలియన్లు, 66ను 5.4తో భాగిస్తే సుమారు 12.2 వస్తుంది. ఇలా భాగించగా వచ్చే అంకెనే మెంట్జర్ సూచిక అంటారు, అది 13 కంటే తక్కువైతే తలసీమియాను అనుమానించాలి. ఇది అనుమానమే, నిర్ధారణ కాదు.

బరంపురం నుంచి:
ముందు ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వలు తెలిపే పరీక్ష), తర్వాత హెచ్‌పీఎల్‌సీ (రక్తంలోని హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే పరీక్ష) చేయించండి. హిమోగ్లోబిన్ ఏ2 అనే రకం 3.5 శాతం దాటితే బీటా తలసీమియా వాహకురాలని భావిస్తారు, అయితే ఇనుము కొరత ఉంటే ఆ అంకె తగ్గి మనల్ని తప్పుదారి పట్టించగలదు. మన వైపు సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య వ్యాధి) కూడా ఉంది కదా, హెచ్‌పీఎల్‌సీలో అదీ తెలుస్తుంది; సికిల్ సెల్‌కు ముందుగా చేసే సాల్యుబిలిటీ పరీక్ష ఒక్కటే వాహకులనూ రోగులనూ వేరుచేయలేదు.

రాయగడ నుంచి:
సంబంధాలు చూస్తున్నాం. అబ్బాయికీ పరీక్ష అవసరమా?

బరంపురం నుంచి:
అమ్మాయి వాహకురాలని తేలితే తప్పక అవసరం. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. జాతకాలు చూపించడానికి పట్టేపాటి సమయం కూడా దీనికి పట్టదు.