మలావీ పల్లెలో వాలంటీరు: నీళ్లు తానే మోసుకోవాలా, పనిమనిషిని పెట్టుకోవాలా?

ఓరుగల్లు లెక్కలు
అందరికీ నమస్కారం. ఆఫ్రికా దేశం మలావీలో డెడ్జా జిల్లాలోని ఒక కమ్యూనిటీ డే సెకండరీ స్కూల్లో లెక్కలు చెప్పడానికి వాలంటీరుగా వెళ్తున్నాను. రెండేళ్ల పని. ఇల్లు స్కూలు పక్కనే ఇస్తున్నారు. కరెంటు లేదు, కుళాయి లేదు. నీళ్లు బోరింగు నుంచి తెచ్చుకోవాలి, వంట బొగ్గుల కుంపటి మీద. ఇంటి పనికి మనిషిని పెట్టుకోమని హెడ్మాస్టరు గారు ఫోన్లో చెప్పారు. సేవకని వెళ్తూ నా ఇంట్లో ఇంకొకరి చేత అంట్లు తోమించుకోవడం నాకు ఇబ్బందిగా ఉంది. అక్కడ ఉన్నవాళ్లు, ఉండి వచ్చినవాళ్లు చెప్పండి.

జోంబా టీచరమ్మ
పెట్టుకోకండి. నేను జోంబా జిల్లాలో ఇలాగే వాలంటీరుగా పనిచేసి వచ్చాను. బోరింగు దగ్గర వరసలో నిలబడితేనే ఊరు మీకు తెలుస్తుంది. తెల్లవారకముందే ఆడవాళ్లు, ఆడపిల్లలు బకెట్లు పట్టుకుని వచ్చేస్తారు. ఎవరింట్లో జ్వరం, ఎవరి మొక్కజొన్న ఎండిపోయింది, నా క్లాసులో ఫలానా పిల్ల ఎందుకు రావడం లేదు, అన్నీ నాకు అక్కడే తెలిశాయి. స్టాఫ్‌రూంలో ఎవరూ చెప్పరు. అక్కడి భాష చిచేవా కూడా నేను అక్కడ నేర్చుకున్నదే. నిండు బకెట్టు తల మీద నిలవక నీళ్లన్నీ మెడ మీద పడుతుంటే ఒక పెద్దావిడ చితెన్జె గుడ్డను చుట్టకుదురులా చుట్టి పెట్టడం నేర్పింది. ఆ రోజు నుంచి నేను ఆవిడకు కూతురినే.

ఇంకో సంగతి. అక్కడ భారతీయులంటే దుకాణాల యజమానులు, జీతాలు ఇచ్చేవాళ్లు. పల్లెలో మనల్ని మొదట చూసేది కూడా అలాగే. దిగిన వారానికే పనిమనిషిని పెట్టుకుంటే ఆ అభిప్రాయం ఇక మారదు.

బ్లాంటైర్ రావు
అమ్మా, నేను చాలా ఏళ్లుగా ఇక్కడ బ్లాంటైర్ నగరంలో అకౌంట్స్ పని చేసుకుంటున్నాను. హెడ్మాస్టరు చెప్పిందే వినండి. ఆ స్కూల్లో పనిచేసే మలావీ టీచర్ల ఇళ్లలో కూడా పనివాళ్లు ఉంటారు, అదేం దర్పం కాదు. బొగ్గులు రాజేసి బీన్స్ ఉడికేసరికి సగం పూట పోతుంది. నీళ్లు మోసి, బట్టలు చేత్తో ఉతికి, పొద్దున్నే క్లాసుకు వెళ్లి, రాత్రి సోలార్ దీపం కింద పేపర్లు దిద్దడం మొదటి నెల బాగానే ఉంటుంది. తర్వాత దెబ్బ తినేది క్లాసే.

డిసెంబరు నుంచి మార్చి దాకా అక్కడ ఆకలి నెలలు. పాత మొక్కజొన్న అయిపోతుంది, కొత్తది ఏప్రిల్‌కు గానీ రాదు. అప్పుడు జనం గన్యుకు, అంటే కూలికి, వేరేవాళ్ల పొలాల్లోకి పోతారు. సరిగ్గా తమ పొలంలో కలుపు తీసుకోవాల్సిన రోజుల్లోనే పోవాల్సి వస్తుంది. దాంతో సొంత పంట తగ్గుతుంది, మరుసటి ఏడాది గింజలు ఇంకా ముందే అయిపోతాయి. ఇంట్లో ఒక్కరికి నెల జీతం వస్తే ఆ కుటుంబం తన పొలంలో తాను నిలబడుతుంది. 2023 నవంబరులో రిజర్వు బ్యాంకు ఒక్క ప్రకటనతో ఇక్కడి డబ్బు క్వాచా విలువ తగ్గించింది, డాలరు 44 శాతం ఖరీదైంది. పిండి, నూనె, సబ్బు ధరలు చూస్తే ఆ జీతం విలువ మీకే తెలుస్తుంది. మీ మొహమాటం కోసం ఒకరి జీతం పోగొట్టకండి.

నర్సక్క
పనిమనిషి సంగతి నాకు తెలియదు. డెడ్జా 1,500 మీటర్ల పైన ఉంటుంది, జూన్, జూలైలో గట్టి చలి, స్వెట్టర్లు తీసుకెళ్లండి. చల్లగా ఉంది కదా అని దోమతెర మానొద్దు. మలావీ సరస్సులో ఈతకు దిగితే బిల్హార్జియాకు, అంటే నీళ్లలోని పురుగుల వల్ల వచ్చే జబ్బుకు, పరీక్ష చేయించుకోవాలి.

జోంబా టీచరమ్మ
రావు గారూ, నెల జీతం గురించి అన్నారు గనుక చెబుతున్నాను. నాకంటే ముందు ఆ ఇంట్లో ఉన్న వాలంటీరు ఒకావిడను పనికి పెట్టుకుంది. ఆవిడ ఆ జీతాన్ని నమ్ముకుని పెద్ద కొడుకును బోర్డింగ్ స్కూల్లో చేర్చింది. వాలంటీరు గడువు తీరింది, విమానం ఎక్కి వెళ్లిపోయింది. నేను దిగిన మర్నాడు పొద్దున ఆవిడ మా గుమ్మంలో కూర్చుని ఉంది. కొడుకు ఫారం 3, అంటే సెకండరీ మూడో ఏడు, అంది. నేను పనికి పెట్టుకోలేదు. ఆ టర్మ్‌తో పిల్లవాడి చదువు ఆగిపోయింది. నెల జీతం ఎలా ముగుస్తుందో నేను కళ్లారా చూశాను.

బ్లాంటైర్ రావు
ఆగండి. చదువు ఆగింది జీతం ఇచ్చినందుకా, మీరు ఇవ్వనన్నందుకా? ముందు వచ్చినావిడ ఆ పిల్లవాణ్ణి ఫారం 3 దాకా తెచ్చింది. మీ చేతిలో డబ్బు ఉండి కూడా సిద్ధాంతం కోసం కాదన్నారు. దాన్నే ఇప్పుడు కొత్తగా వెళ్లే అమ్మాయికి సలహాగా ఇస్తున్నారు!

గోదారి గట్టు
రావు గారూ, కొంచెం నెమ్మదిగా.

జోంబా టీచరమ్మ
వాలంటీరుకు వచ్చేది జీతం కాదు, భత్యం. అయినా ప్రశ్న అది కాదు. నా సంతకం లేని ఏర్పాటుకు నేను వారసురాలిని ఎలా అవుతాను? మంచం, కుంపటి, బకెట్లతో పాటు ఒక మనిషిని కూడా తర్వాత వచ్చేవారికి అప్పగించి పోతారా? నేను పెట్టుకున్నా నా గడువు తీరాక అదే జరిగేది, ఫారం 3 బదులు ఫారం 4లో. ప్రహరీ గోడ, గేటు దగ్గర కాపలా, లోపల వంటమనిషి ఉన్న ఇంట్లో కూర్చుని నాకు గన్యు గురించి చెప్పకండి.

బ్లాంటైర్ రావు
అదిగో, అసలు మాట వచ్చింది. పల్లెల నుంచి వాలంటీర్లు బ్లాంటైర్ వస్తారు. మా ఇంట్లో వేడినీళ్ల స్నానం చేస్తారు, మా ఆవిడ పెట్టిన పప్పు, ఆవకాయ తింటారు. తిరిగి వెళ్లి, ఇక్కడి భారతీయులు దొరల్లా బతుకుతున్నారని రాస్తారు. ఒకమ్మాయి మా వంటాయన ఫొటో కూడా పెట్టి రాసింది. ఆయన జీతం ఏ నెలా ఆగలేదు. ఆయన కూతురు నర్సింగ్ చదువుతోంది. ఆ సంగతి ఎవరూ రాయలేదు.

మా ఇంటి యజమాని కుటుంబానికి ఒకప్పుడు పల్లెలో దుకాణం ఉండేది. 1970ల్లో అప్పటి అధ్యక్షుడు బండా ప్రభుత్వం ఆసియా వ్యాపారులు పల్లెల్లో ఉండకూడదని చట్టం చేస్తే అన్నీ వదిలి బ్లాంటైర్‌లోని లింబే చేరారు. ఈ దేశంలో మనవాళ్ల బతుకు గోడ వెనక ఎందుకు నడుస్తోందో కొంచెం తెలుసుకుని మాట్లాడండి. మీరు నీళ్లు మోసింది మీరు మాలాంటివాళ్లు కారని ఊరికి చూపించడానికి.

జోంబా టీచరమ్మ
అవును, చూపించడానికే. అందులో దాచేదేముంది? నేను వెళ్లేసరికి మన గురించి అక్కడ ఒకే ఒక్క అభిప్రాయం ఉంది. మీరు మంచి యజమాని కావచ్చు, కాదనను. కానీ యజమాని కాని భారతీయురాలు కూడా ఉంటుందని ఆ ఆడపిల్లలు చూడాలనుకున్నాను. వాళ్ల వరసలో, వాళ్ల వెనక నిలబడి. ముందుకు రమ్మని నాకు దారి ఇస్తే నేను కదల్లేదు.

ఉట్నూరు పంతులు
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. నేను గిరిజన ఆశ్రమ పాఠశాలలో పనిచేస్తాను. మా దగ్గరికి కూడా విదేశీ వాలంటీర్లు వచ్చారు. మాతో నేల మీద కూర్చుని తిన్నారు, నీళ్లు తోడారు, పిల్లలు ప్రాణం పెట్టారు. సైన్సు కొత్త పద్ధతిలో మొదలుపెట్టి సగంలో వెళ్లారు. ఆ సగం నుంచి ఎలా అందుకోవాలో మాకు ఎవరూ చెప్పలేదు. పిల్లలు నా వైపు చూసి, వాళ్లు ఎప్పుడొస్తారు సార్ అని ఏడాదంతా అడిగారు. వాళ్లు బకెట్టు మోశారా లేదా అన్నది మాకు లెక్కలోకే రాలేదు.

మీ ఇద్దరి మాటల్లో ఆ స్కూలు టీచర్లు ఎక్కడా లేరు. మలావీలో 1994లో ప్రాథమిక విద్య ఉచితం చేశాక పిల్లలు ఒక్కసారిగా బడికి వచ్చారు, టీచర్లు, గదులు ఆ లెక్కన పెరగలేదు. కమ్యూనిటీ స్కూలంటే ఆ ఒత్తిడి అంతా చేరే చోటు. ఈ అమ్మాయి వెళ్లే స్కూల్లో ఇప్పుడు లెక్కలు చెబుతున్నది ఎవరు? ఆమె తిరిగి వచ్చేశాక చెప్పేది ఎవరు? అది ముందు అడగాలి.

నర్సక్క
పంతులు గారి మాట నూటికి నూరుపాళ్లు నిజం.

బ్లాంటైర్ రావు
పంతులు గారూ, నేనన్నదీ అదే కదా. ఇంటి పని తగ్గితేనే పక్క టీచరుతో కూర్చుని పాఠాలు తయారు చేసే సమయం దొరుకుతుంది.

ఉట్నూరు పంతులు
మీరు సమయం అన్నారు. ఆమె తిరిగి వచ్చేశాక ఏమిటని నేను అడిగాను. రెండూ ఒకటి కావు సార్.

ఓరుగల్లు లెక్కలు
అందరికీ ధన్యవాదాలు. ఇది గొడవ అవుతుందని అనుకోలేదు. ఈ రోజు హెడ్మాస్టరు గారితో మళ్లీ మాట్లాడాను. పంతులు గారు అడిగిందే మొదట అడిగాను. ఫారం 1, 2కు లెక్కలు చెబుతున్నది వ్యవసాయం సబ్జెక్టు టీచరట. ఫారం 3, 4కు ఎవరూ లేరు. నేను ఫారం 3, 4 తీసుకుని ఆయన్ను కూడా నా క్లాసుల్లో కూర్చోనివ్వొచ్చా అంటే, ఆయన ఎప్పటి నుంచో అదే అడుగుతున్నాడని అన్నారు.

ఇంటి పనికి ఒక విధవరాలిని స్కూలు కమిటీ ముందే చూసి పెట్టిందట. పక్కింటి టీచరు ఇచ్చే జీతమే ఇవ్వమన్నారు. నా గడువు తీరాక ఆమెకు స్కూల్లోనే వంట పని ఇవ్వగలరా అని అడిగాను. కమిటీలో పెడతానన్నారు. అది కాగితం మీద వస్తేనే పెట్టుకుంటాను.

జోంబా టీచరమ్మ
కాగితం రాదు. నోటిమాటతో మొదలవుతుంది, మీరూ ఆగలేరు. నా మాట నేను మార్చుకోను. పెట్టుకున్నా సరే, బోరింగు మాత్రం వదలకండి.

బ్లాంటైర్ రావు
బ్లాంటైర్ చిలెకా ఎయిర్‌పోర్టులో దిగుతారా, రాజధాని లిలాంగ్వేలోనా? డెడ్జాకు లిలాంగ్వే దగ్గర. అక్కడ మనవాళ్లు ఉన్నారు, బస్సు దాకా తోడు వస్తారు. కందిపప్పు అక్కడ దొరుకుతుంది, మోసుకెళ్లకండి. ఇంగువ, చింతపండు తీసుకెళ్లండి.

గోదారి గట్టు
అక్కడి మొక్కజొన్న పిండి ముద్ద న్సిమా గురించి భయపడకండి, సంకటి తిన్నవాళ్లకు అది కొత్త కాదు.

ఉట్నూరు పంతులు
అమ్మా, ఆ వ్యవసాయం టీచరు గారికి ఏయే అధ్యాయాలు కష్టంగా ఉన్నాయో వెళ్లేలోగా కనుక్కోండి. పాఠాల నోట్సు తయారు చేయడంలో నేను సాయం చేస్తాను. ఇంగ్లీషులో రాసి పంపుతాను, అక్కడ పెద్ద తరగతులకు ఇంగ్లీషు మీడియమే కదా.