నాటింగ్‌హామ్ ఫారెస్ట్ విజయాల పట్టికలో ఒక చిక్కు: సలహా ఇవ్వగలరు

1865లో ఏర్పడిన నాటింగ్‌హామ్ ఫారెస్ట్ ఫుట్‌బాల్ క్లబ్ చరిత్రపై తెలుగులో ఒక వ్యాసం సిద్ధం చేస్తున్నాను. బ్రయన్ క్లఫ్ శిక్షణలో 1977లో రెండో శ్రేణి నుంచి పైకి వచ్చిన ఈ జట్టు, మరుసటి ఏడాదే ఇంగ్లండ్ లీగ్‌ను గెలిచి, ఆపై 1979లో మ్యూనిక్‌లో మాల్మోను, 1980లో మాడ్రిడ్‌లో హాంబుర్గ్‌ను, రెండుసార్లూ 1-0 తేడాతోనే ఓడించి యూరోపియన్ కప్ (నేటి ఛాంపియన్స్ లీగ్‌కు పాత పేరు) అందుకుంది. లీగ్ ఒక్కసారే గెలిచి యూరోపియన్ కప్ రెండుసార్లు గెలవడం నాకైతే ఇప్పటికీ నమ్మశక్యంగా లేదు.

చిక్కల్లా పట్టికలోనే ఉంది. 1978 వరుసలోనూ 1998 వరుసలోనూ 'ఫస్ట్ డివిజన్ విజేత' అనే రాయవలసి వస్తోంది. 1992లో ప్రీమియర్ లీగ్ కొత్త అగ్రశ్రేణిగా మొదలయ్యాక ఆ పేరు రెండో శ్రేణికి దిగిపోయింది కనుక, ఈ రెండూ సమానమైన గౌరవాలు కావు. పాఠకుడు పొరబడకుండా వీటిని తెలుగులో ఎలా పేర్కొనాలి? 1989, 1992లలో గెలిచిన ఫుల్ మెంబర్స్ కప్‌ను (ఇంగ్లండ్‌లో పై రెండు శ్రేణుల జట్లకు అప్పట్లో జరిగిన పోటీ) ప్రధాన విజయాలలో చేర్చడం సమంజసమేనా? ఇంగ్లిష్ ఫుట్‌బాల్ చరిత్రతో పరిచయమున్నవారు దయచేసి తెలియజేయగలరు.