అప్‌డేట్: నార్కండ వెళ్లి వచ్చాం

బెంగళూరు దాటి మంచు చూడని మా పదేళ్ల అమ్మాయికి స్కీయింగ్ నేర్పించాలి, రద్దీ లేని చోటు చెప్పండని డిసెంబరులో అడిగాను. ఉత్తరాఖండ్‌లోని ఔలి బదులు హిమాచల్‌లోని నార్కండ సూచించిన అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

చండీగఢ్ దాకా విమానం, తర్వాత కారు. సిమ్లా దాటాక సుమారు 60 కిలోమీటర్లు. ఊరు దాదాపు 2,700 మీటర్ల ఎత్తున ఉంది.

అన్నిటికన్నా ముఖ్యం బూట్లు. మొదటి రోజు అద్దెకు తీసుకున్న జత పెద్దదై, లోపల మడమ లేస్తూనే ఉంది. పాపం, ఎంత ప్రయత్నించినా స్కీలు (బూట్లకు బిగించే పొడవాటి పలకలు) మాట వినలేదు. మందపాటి మేజోళ్లు రెండు జతలు తొడిగి సరిపెట్టకండి, చిన్న సైజే అడగండి. మేం నేర్చుకున్న వాలు దగ్గర పైకి తీసుకెళ్లే లిఫ్టు లేదు. స్కీలు మోసుకుంటూ పావుగంట ఎక్కడం, అర నిమిషంలో జారడం! స్కీల ముందు కొనలు దగ్గరకు తెచ్చి, వెనుక కొనలు ఎడంగా పెట్టి, లోపలి అంచులతో మంచును నొక్కితే వేగం తగ్గుతుంది. మూడో రోజు మా అమ్మాయి అలాగే వచ్చి సరిగ్గా నా ముందు ఆగింది. మంచుపొడి నా మోకాళ్ల మీద చిమ్మింది. నాకు కళ్లు చెమర్చాయి.

మంచు పేరుకుని దారి మూసేయడంతో నార్కండ దగ్గరే ఉన్న హాటూ శిఖరం మాత్రం చూడలేకపోయాం.