కబుతోముషి గుడ్లను తల్లి దగ్గరే ఉంచవచ్చా?

ప్రశ్న:
నమస్కారం. మేము జపాన్‌లో ఉంటున్నాము. జులైలో మా అబ్బాయి కోసం కబుతోముషి అనే జపాన్ కొమ్ము పురుగులను ఒక జత తెచ్చాము. నిన్న డబ్బాలోని ఆకుమట్టిని కదిపినప్పుడు బియ్యపు నూకలంత తెల్లటి గుడ్లు ఏడు కనిపించాయి. వాటిని వేరే డబ్బాలోకి మార్చాలా అన్నది దయచేసి తెలియజేయగలరు.

మొదటి సమాధానం:
మార్చడమే మంచిదండి. తల్లి మళ్ళీ మళ్ళీ మట్టిని తవ్వుతుంది కనుక గుడ్లు నలిగిపోయే ప్రమాదం ఉంది. వేళ్ళతో పట్టుకోకుండా, చుట్టూ ఉన్న మట్టితో సహా చెంచాతో ఎత్తి పెట్టండి. కొత్తలో కోలగా ఉండే గుడ్డు తేమను పీల్చుకుని, ఉబ్బి గుండ్రంగా మారి, కాస్త పసుపు రంగుకు తిరుగుతుంది. పాడైందనుకుని పారేయకండి, అది బతికి ఉందనడానికి గుర్తు. సుమారు రెండు వారాల్లో పిల్ల బయటికి వస్తుంది. మట్టిని గుప్పిట్లో పిండితే ముద్ద కట్టాలి గాని నీరు కారకూడదు.

రెండవ సమాధానం:
పిల్లకు ఆ ఆకుమట్టే ఆహారం. మన ఊళ్ళలో పెంటకుప్ప తవ్వినప్పుడు కనిపించే కొమ్ము పురుగు పిల్లల్లాగే ఇవీ కుళ్ళిన ఆకునూ చెక్కనూ తిని పెరుగుతాయి. పూలకుండీల మట్టిలో ఎరువులు, మందులు కలిసి ఉండవచ్చు కనుక దానిని వాడకండి. వచ్చే వేసవి మొదట్లో పిల్ల మట్టిలో నిలువుగా గూడు కట్టుకుని ప్యూపాగా (రెక్కల పురుగు కావడానికి ముందు కదలకుండా ఉండే దశ) మారుతుంది. అప్పుడు మాత్రం డబ్బాను కదపవద్దని మీ అబ్బాయికి ఇప్పటినుంచే చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. ఈ సాయంత్రమే చెంచాతో మారుస్తాము.