కేఎంపీఎల్ లిస్టు గోడమీద పెడితే డీజిల్ మిగులుతుందా?

పాత టికెట్టు (చర్చ మొదలుపెట్టినవారు)
మా నాన్న ముప్పై ఏళ్లు సిటీ బస్సు తోలి రిటైరయ్యారు. మొన్న ఏదో కాగితం పనిమీద ఆయన్ని పాత డిపోకి తీసుకెళ్లాను. గేటు పక్కన బోర్డుమీద డ్రైవర్ల కేఎంపీఎల్ లిస్టు, అంటే లీటరు డీజిల్‌కి ఎవరు ఎన్ని కిలోమీటర్లు తెచ్చారో ఆ లెక్క. పై పది పేర్లు పచ్చ సిరాతో, కింది పది ఎర్ర సిరాతో. నాన్న ఎర్రవి మాత్రమే చదివి, "పాపం, అందరూ కోఠి రూటువాళ్లే" అన్నారు.
పైవాళ్లకి బహుమతి, కిందివాళ్లకి మెమో. పొదుపు నేర్పే పద్ధతి ఇదేనా? నా మటుకు నాకు పొదుపు కావాలి గానీ ఈ లిస్టు వద్దు.

నాలుగో గేరు
లిస్టు ఉండాల్సిందే. లెక్క చూడండి. బస్సు రోజుకి 200 కిలోమీటర్లు తిరుగుతుందనుకుందాం. లీటరుకి 4 వస్తే 50 లీటర్లు, 4.2 వస్తే 47.6. తేడా 2.4 లీటర్లు. లీటరు 95 రూపాయలనుకుంటే 228 రూపాయలు. వంద బస్సుల డిపోకి ఏడాదికి 83 లక్షల పైమాట! కాలు కాస్త మెత్తగా పెడితే వచ్చే డబ్బు ఇది. ఎవరు పారబోస్తున్నారో తెలియకపోతే ఎలా? పిల్లల మార్కులు గోడమీద పెట్టట్లేదా?

స్టీరింగ్ భాయ్
అన్నా, నేను తోలెటోన్ని. నీ లెక్క మంచిగనే ఉంది, గని ఆ 4.2 ఎవరిదో ఎట్ల తెలుస్తది? మా బండి పొద్దున షిఫ్టుల నేను తోల్త, పగటీలి సంది ఇంకో అన్న తోల్తడు. డీజిల్ రాత్రి ఒక్కసారే కొడ్తరు. ఇద్దరికి కలిపి ఒక్కటే నంబరు. ఆయన గేరు గేరుకు గుంజి తోల్తే నా పేరు గూడ ఎర్రగైతది.
ఇంకోటి. 2023 డిసెంబర్ 9 సంది ఆడోళ్లకు ఫ్రీ అయింది. మంచిదే, మా ఇంటోళ్లు గూడ అండ్లనే వస్తరు. గని నిండు బస్సు, ఖాళీ బస్సు ఒక్కతీరు తాగుతదా? పటాన్‌చెరు నుంచి కోఠి పోయే 218 ఎక్కి అమీర్‌పేట దాటేదాంక నా పక్కన నిలబడు. సెకండ్ల ఎత్తుడు, థర్డుల ఏసుడు, బ్రేకు. మళ్ల సెకండు. నీ పేరుల ఉన్న నాలుగో గేరు ఆడ దొరకదు.

పాత టికెట్టు
అదే అన్నా నేననేది. మనిషిని మనిషితో పోల్చకుండా, అదే రూటులో అదే బండిమీద పోయిన నెల నీదెంత, ఈ నెల ఎంత అని చూస్తే అర్థముంది.

ఫుట్‌బోర్డు
ప్రయాణికురాలిగా నా బాధ వేరు. ఆగని బస్సుకే మైలేజీ ఎక్కువ! ఇంజినీరింగ్ చదివిన పాపానికి లెక్కేశాను. 15 టన్నుల నిండు బస్సు ఆగి, మళ్లీ 40 కిలోమీటర్ల వేగానికి ఎత్తుకోవడానికి ఉజ్జాయింపుగా 70 మిల్లీలీటర్ల డీజిల్. ఇరానీ చాయ్ కప్పంత. ఆరేడు రూపాయలు. కేఎంపీఎల్‌కి బహుమతి పెడితే, స్టాపులో చెయ్యెత్తిన ముసలమ్మ డ్రైవర్ కంటికి చాయ్ కప్పులా కనపడుతుంది. స్టాపు దాటి ఇరవై గజాలు పరిగెత్తించేది మమ్మల్నే.

స్టీరింగ్ భాయ్
అక్కా, అందరం అట్లుండం. గని ఉన్నరు, అబద్ధమెందుకు.

నాలుగో గేరు
స్టాపు ఎగ్గొడితే దానికి వేరే శిక్ష వెయ్యండి. దొంగ ఉన్నాడని సంత మానేస్తామా? ముసలమ్మ జోలికి పోకుండా మిగిలే పద్ధతులు బోలెడు. ఎర్ర సిగ్నల్ దూరంనుంచి కనపడగానే ఎక్సలేటర్ మీద కాలు తియ్యడం, క్లచ్ మీద పాదం ఆనించి తోలకపోవడం, టెర్మినల్లో బండి ఆపేసి టీకి పోవడం. ఫ్లైఓవర్ దిగేటప్పుడు న్యూట్రల్ కొట్టినా మిగులుతుంది.

పదమూడో నంబరు పానా
ఆ చివరి మాట మాత్రం ఎవరూ వినకండి బాబూ. నేను గ్యారేజీ వాణ్ణి. కామన్ రైల్ ఇంజిన్‌లో, అంటే డీజిల్ ఎంత పొయ్యాలో కంప్యూటరే చూసుకునే ఇంజిన్‌లో, బండి గేరులో ఉండగా కాలు తీసేస్తే ఇంజెక్టర్లకి డీజిలే ఆగిపోద్ది, చక్రాలే ఇంజిన్ని తిప్పుతాయి. న్యూట్రల్ కొడితే ఇంజిన్ ఆడ్డానికి మళ్లీ డీజిల్ కావాలి, పైగా బండి చేతిలో ఉండదు. ఇంకొందరు ఘనులు ఇంజినే ఆపేస్తారు. బ్రేకులకి గాలి నింపే కంప్రెసర్ ఆగుద్ది, బ్రేకు తొక్కేకొద్దీ ట్యాంకులో గాలి దిగిపోద్ది, స్టీరింగ్ రాయైపోద్ది. లిస్టు భయం ఇలాంటివి నేర్పుద్ది.
ఎర్ర సిరా పేరు కనపడితే నేను ముందు ఆ డ్రైవర్ని కాదు, బండిని పిలుస్తా. లోపలికి రాగానే వీల్ హబ్ దగ్గర, అంటే చక్రం నడిమధ్యన, చెయ్యి వెనక్కి తిప్పి పెట్టి చూస్తా. మూడు గోరువెచ్చగా ఉండి ఒకటి కాలిపోతుంటే, అక్కడ బ్రేకు పట్టేసి ఉన్నట్టే. ఆ బండిని దేవుడు తోలినా మైలేజీ రాదు. తర్వాత టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టరు. ఇవన్నీ సరిగ్గా ఉన్నాకే మనిషి కాలి సంగతి. అప్పుడైనా కుర్చీలో కూర్చోబెట్టి క్లాసు పీకితే లాభం లేదు. మంచి ఇన్‌స్ట్రక్టర్ పక్కన నిలబడి ఒక ట్రిప్పు రావాలి, "ఇప్పుడు తియ్యి కాలు" అని అక్కడికక్కడే చెప్పాలి.

నాలుగో గేరు
న్యూట్రల్ సంగతి తప్పు చెప్పాను, ఒప్పుకుంటున్నా. మా స్కూటర్ అలవాటు. కానీ నంబరు వద్దంటే మాత్రం ఒప్పుకోను. ఇన్‌స్ట్రక్టర్ ఎవరి పక్కన నిలబడాలో చెప్పడానికైనా నంబరు కావాలి కదా.

పాత టికెట్టు
కావాలి, డ్రైవర్ చేతికో గ్యారేజీకో ఇచ్చే చీటీగా. గేటు దగ్గర గోడమీద కాదు. నాన్నని అడిగితే తన పేరు కూడా ఒకసారి ఎర్రగా వచ్చిందన్నారు. ఆ నెలంతా స్టాపులో జనాన్ని చూసి చిరాకు పడ్డారట. చెప్పేటప్పుడు మొహం పక్కకి తిప్పుకున్నారు.
భాయ్, ఒక్క మాట. షిఫ్టు మారేటప్పుడు ఒకసారి డీజిల్ కొట్టి రాసుకుంటే మీ ఇద్దరి లెక్కా విడిపోతుంది కదా?

స్టీరింగ్ భాయ్
మేం రోడ్డుమీదనే చేతులు మారుస్తమన్నా. బంకు డిపోల ఉంటది. ఆడికి పోయి రావాలంటే ఉట్టి బండి ఎనిమిది కిలోమీటర్లు.

పదమూడో నంబరు పానా
రెండు లీటర్లు దానికే సరి.