‘తూటా పాతదే, గుండు కొత్తది’: ఈ వాక్యం తెలుగులో నిలబడదా?

గ్రూపులోని పెద్దలకు నమస్కారం. ఇంట్లో జరిగిన ఒక మాటల తికమక మీ ముందు పెడుతున్నాను.

మా అన్నయ్య రాజోలు దగ్గర లంకలో ఉంటాడు. వాళ్ళబ్బాయి అమెరికాలో, నెబ్రాస్కాలో ఉద్యోగం. అక్కడ పశువుల మేత భూముల్లో ప్రెయిరీ డాగ్ అనే జంతువు బొరియలు తవ్వి పాడుచేస్తుంది. పేరుకే కుక్క, జాతి ఉడుతది. రైతుల అనుమతితో వీడు వాటిని చాలా దూరం నుంచి రైఫిల్‌తో కొడతాడు. మొన్న వీడియో కాల్‌లో ‘‘గొట్టం అరిగిపోయింది నాన్నా, కొత్తది వేయిస్తున్నాను. తూటా మాత్రం పాతదే’’ అన్నాడు.

‘‘పాత తూటాకి కొత్త గొట్టం దేనికిరా?’’

‘‘ఈసారి బరువు గుండు వాడదామని.’’

‘‘అదేగా, తూటా మారినట్టేగా!’’

పావుగంట ఇదే నడిచింది. అన్నయ్యకి తూటా అన్నా గుండు అన్నా ఒకటే. తప్పు ఆయనది కాదు, రోజూ పేపర్లో అలాగే చదువుతున్నాడు. చివరికి ‘‘బాబాయ్, నువ్వు చెప్పు’’ అని వాడు ఫోన్ నా వైపు తిప్పించి, ఒక తూటా అరచేతిలో పెట్టుకుని కెమెరా దగ్గరికి తెచ్చాడు. ఇత్తడి ఒళ్ళు, లోపల పేలుడు మందు. అడుగున చిన్న బొట్టుబిళ్ళంత క్యాప్. పైకి వచ్చేసరికి భుజం దగ్గర ఒక్కసారిగా సన్నబడి మెడ, ఆ మెడలో బిగించిన రాగిరంగు మొన. అచ్చం కూజాకి బిరడా పెట్టినట్టుంది. ఈ మొత్తం తూటా. అందులో బిరడా ఒక్కటే గుండు. పేలితే గొట్టంలోంచి వెళ్ళేది అదే, ఇత్తడి ఇక్కడే ఉండిపోతుంది. ‘శరీరంలోంచి రెండు తూటాలు తీశారు’ అని రాసినప్పుడల్లా మనం బిరడాని పట్టుకుని కూజా అంటున్నాం.

తేడా ఎందుకు ముఖ్యమో వాడి కథే చెబుతుంది. వాడు వాడే తూటా పేరు .22-250 రెమింగ్టన్. ఇందులో 22 అంటే గుండు లావు, అంగుళంలో నూరోవంతుల్లో సుమారు లెక్క. 250 అంటే .250 సావేజ్ అనే పాత తూటా. దాని మెడ నొక్కి సన్నం చేస్తే ఇది పుట్టింది. చాన్నాళ్ళు వేటగాళ్ళు సొంతంగా చేసుకున్నాక 1965లో రెమింగ్టన్ కంపెనీ తన పేరుతో బయటికి తెచ్చింది. సన్నటి గొట్టంలో ఎక్కువ మందు మండుతుంది కాబట్టి వేగం ఎక్కువ, గొట్టం మొదలు కాలిపోవడమూ ఎక్కువే. ఆ మొదలుని వాళ్ళు ‘గొంతు’ అంటారట.

గొట్టం మార్చేటప్పుడు వేరే తూటాకి మారిపోవచ్చు. .223 రెమింగ్టన్ అయితే గొట్టం ఎక్కువకాలం వస్తుంది. కానీ దాని అడుగు 9.6 మిల్లీమీటర్లే, వీడి తుపాకీలో తూటా అడుగుని పట్టుకునే భాగం, అంటే బోల్టు, 12 మిల్లీమీటర్లది. అంటే బోల్టూ మార్చాలి. 1955లో వచ్చిన .243 వించెస్టర్‌కి అడుగు సరిపోతుంది, గుండు బరువు కాబట్టి దూరంలో గాలికి తక్కువ కొట్టుకుపోతుంది. అయితే భుజానికి దెబ్బ కొంచెం ఎక్కువ. తుపాకీ ఎగిరితే గుండు ఎక్కడ తగిలిందో దుర్భిణిలో కనిపించదు, వాడికది ఇష్టం లేదు. అందుకని .22-250లోనే ఉండిపోయాడు. మార్చింది గొట్టంలోని మెలి, అంటే గుండుని తిప్పే లోపలి గాడుల చుట్టు. పాతదానిలో గుండు 14 అంగుళాలకు ఒక చుట్టు తిరిగేది. 55 గ్రెయిన్ల గుండుకి అది చాలు. 75, 80 గ్రెయిన్ల పొడుగు గుండు ఆ చుట్టుతో, వేగం చాలని బొంగరంలా, తల ఊపుతుంది. కొత్త గొట్టం 8 అంగుళాలకు ఒక చుట్టు తిప్పుతుంది. (గ్రెయిన్ అంటే మొదట్లో బార్లీ గింజ బరువు. మన కంసాలి గురిగింజ తూకానికి ఇది చుట్టమే కదా!)

కాబట్టి తూటా పాతదే, గుండు కొత్తది. వాడు చెప్పింది అక్షరాలా నిజం. ఆ నిజం వాళ్ళ నాన్నకి తెలుగులో చేరలేదు. నా బాధ అదే.

భీమవరం నుంచి ఒక సభ్యుడు: నేను పత్రిక డెస్కులో పనిచేశాను మాస్టారూ. ‘గుండు తీశారు’ అంటే తిరుపతి గుర్తొస్తుందని మానేశాం. పైగా ఇప్పటి గుండు గుండ్రంగా కూడా లేదు, మొనదేలి ఉంది.

నా జవాబు: మొన సంగతి నిజమే. కానీ ‘మందుగుండు’ అనే మాటలో మందూ గుండూ పక్కపక్కనే, వేటికవిగా ఉన్నాయి చూడండి. గొట్టంలో ముందు మందు, తర్వాత గుండు దట్టించిన రోజుల మాట అది. ఆ రెంటినీ ఒకటిగా చేర్చాక వచ్చిన వస్తువుకి తూటా అని పేరు. రెండు మాటలూ మన దగ్గరే ఉన్నాయి, ఒకదాన్ని ఎందుకు పారేసుకోవాలి? ‘గుండు దిగింది’ అంటే తిరుపతి ఎవరికీ గుర్తురాదు.

అమలాపురం నుంచి ఒక సభ్యురాలు: పేలాక మిగిలే ఇత్తడికి ఏమంటారు సార్? ‘ఖాళీ తూటా’ అని రాస్తున్నారు. మా ఇంట్లో దీపావళికి జువ్వలు కట్టేటప్పుడు మందు కూరని గొట్టాన్ని మా అమ్మమ్మ ‘డొల్ల’ అనేది.

నా జవాబు: అమ్మా, ఇంతకన్నా మంచి మాట నాకు దొరకదు. తూటా డొల్ల. ఈ రోజు నుంచి అదే రాస్తాను.

పాలకొల్లు నుంచి ఒక సభ్యుడు: ఇలాంటి వేటలో కొట్టే జంతువుల్ని ఇంగ్లీషులో ‘వార్మింట్’ అంటారు కదండీ, దానికేమంటారు? మాకైతే కాలవగట్టు తవ్వే పందికొక్కే గుర్తొస్తోంది.

నా జవాబు: అది ‘వర్మిన్’ అనే మాటకి పల్లెటూరి పలుకుబడి. దాని మూలం లాటిన్లో పురుగు. మనం ‘పురుగూ పుట్రా’ అని పాముల్నీ తేళ్ళనీ కూడా కలిపేస్తాం, వాళ్ళూ అదే దారిన పురుగు నుంచి ఎలుకలకీ నక్కలకీ వెళ్ళారు. వివరంగా రాయాల్సిన చోట ‘పంటకి చేటుచేసే జంతువులు’ అంటాను. అన్నయ్యకి మాత్రం మీ పందికొక్కే చెప్పాను.

రాత్రి అన్నయ్యకి కూజా, బిరడా బొమ్మ గీసి వాట్సాప్‌లో పంపాను. పొద్దున్నే ఫోన్ చేసి, ‘‘అయితే కూజా అదే, బిరడా పొడుగుదన్నమాట. మరి ఆ వెధవ ముందే అలా చెప్పొచ్చుగా!’’ అన్నాడు.