లాస్ ఏంజిలిస్ – సిడ్నీ: 13 గంటలా, 15 గంటలా?

అందరికీ నమస్కారం. అమెరికా వచ్చి నాలుగు నెలలైంది, ఫీనిక్స్‌లో ఉంటున్నాను. జనవరిలో ఆఫీసు పని మీద లాస్ ఏంజిలిస్ నుంచి సిడ్నీ వెళ్లాలి. దూరం సుమారు 12,050 కిలోమీటర్లట. విమానం గంటకు 900 పోతుందనుకుంటే 13 గంటల పైచిలుకు. టికెట్లో మాత్రం వెళ్లడానికి 15, రావడానికి 13న్నర గంటలు ఉంది. పైగా గురువారం రాత్రి 10:30కి ఎక్కితే శనివారం ఉదయం 8:30కి దిగుతానట! ఎక్కడ తప్పింది?

—

తమ్ముడూ, ఎక్కడా తప్పలేదు. నువ్వు చూసిన 12,050 భూగోళం మీద దారం బిగించి కొలిస్తే వచ్చే అతి దగ్గరి దూరం. విమానం అచ్చంగా ఆ గీత మీదే పోదు, గాలిని బట్టి పక్కకు జరుగుతుంది. టికెట్ మీది సమయం గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా. రన్‌వే కోసం క్యూలో నిలబడటం కూడా అందులోనే.

ఇక ఆ గంటన్నర తేడా గాలిది. విమానాలు ఎగిరే ఎత్తులో గాలులు ఎక్కువగా పడమర నుంచి తూర్పుకు వీస్తాయి. వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంది. అందుకే నేను కిలోమీటర్లు చూడటం ఎప్పుడో మానేశాను.

మధ్యలో మాయమైన శుక్రవారం సంగతి: జనవరిలో సిడ్నీ 19 గంటలు ముందుంటుంది. గురువారం రాత్రి 10:30కి 15 ప్రయాణం, 19 తేడా కలుపు, శనివారం 8:30 వస్తుంది. మధ్యలో తేదీ రేఖ దాటతావు, అంటే పసిఫిక్ మీద తేదీ మారే ఊహా గీత. వచ్చేటప్పుడు ఇంకా తమాషా. శనివారం ఉదయం 10:30కి సిడ్నీలో ఎక్కి, అదే శనివారం తెల్లవారి 5 గంటలకు లాస్ ఏంజిలిస్‌లో దిగుతావు, ఎక్కిన టైము కంటే ముందే! జూలైలో అయితే తేడా 17 గంటలే. రెండు చోట్లా వేసవిలో గడియారం గంట ముందుకు జరుపుతారు. అక్కడి వేసవి మనకు చలికాలం కదా, గడియారాలు ఎదురెదురుగా మారతాయి.

హోటల్ మాత్రం శనివారం నుంచే బుక్ చెయ్యి. నేను మొదటిసారి శుక్రవారం నుంచి తీసుకుని, నేను ఆకాశంలో ఉండగా ఖాళీ గదికి అద్దె కట్టాను.

—

అన్నయ్య చెప్పింది సరే. ఫీనిక్స్ టికెట్ విడిగా కొంటున్నావా తమ్ముడూ? అలాగైతే 5 గంటలకు దిగి 6:30 ఫ్లైట్ అస్సలు పెట్టుకోకు. ఇమిగ్రేషన్ లాస్ ఏంజిలిస్‌లోనే అవుతుంది, బ్యాగులు తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాలి. మొదటిది లేటైతే రెండోవాళ్లకు సంబంధం ఉండదు. నేను అలా ఒకసారి టికెట్ మొత్తం పోగొట్టుకున్నా. ఒకే బుకింగ్‌లో తీసుకుంటే ఆ టెన్షన్ వాళ్లది.

మన పాస్‌పోర్టుకు ఆస్ట్రేలియా వీసా విడిగా కావాలి, అమెరికా వీసా చూపిస్తే సరిపోదు. తిరిగొచ్చే రోజుకు నీ అమెరికా వీసా స్టాంపింగ్ చెల్లుతుందో లేదో కూడా ఇప్పుడే పాస్‌పోర్టు తీసి చూడు.

—

అక్కా, 6:30 ఫ్లైటే పెట్టాను! ఇప్పుడే మారుస్తున్నా.